మోటారు కారు - ఆదివారపు పాఠశాల

గడచిన సంవత్సరము తలిదండ్రుల సమావేశము ముగిసిన పిమ్మట, తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక బాలుని తల్లిగారు మా గదికి వచ్చిరి. "మాష్టారూ, మావాడు ఆదివారం వస్తే చాలు, ఆ పాత కార్లవాళ్ళ దగ్గరికి పోతాడు. సాయంత్రానికి చొక్కా నిండా గ్రీజు. చదువా, అంతంతమాత్రం. చివరికి మెకానిక్కు అయిపోతాడేమోనని భయంగా ఉంది. మీరొకసారి మందలించండి" అని చెప్పుచు కన్నీరు పెట్టుకొనిరి.

మందలించుదుమని మాట యిచ్చితిమి. కాని విచారింపక మందలించుట ఉపాధ్యాయధర్మము కాదు. కావున మరుసటి ఆదివారము ప్రొద్దుటనే మేమే ఆ స్థలమునకు వెళ్ళితిమి. అక్కడ మేము చూచినదానిని, మాకు తెలిసినదానిని మన తలిదండ్రులకు విన్నవించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఆ కూటమి ఎట్టిది?

కుందలహళ్ళి ఒకప్పుడు చెఱువును, పొలములును గల పల్లె. నేడు దాని చుట్టును కార్యాలయములు లేచినవి; 2023 మార్చి నెలలో మెట్రో రైలు కూడ వచ్చినది. ఈ సందడికి కొంచెము లోపలగా, ఒక పాత ఇంటి ఆవరణలో, కానుగ చెట్టు నీడను నాలుగు చిన్న కార్లు నిలిచియుండెను. వాని చుట్టును ఆరుగురు పెద్దలు చేతులు నల్లగా చేసికొని పనిచేయుచుండిరి. ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు కంప్యూటరు పనివారు, ఒకరు ఔషధముల వర్తకులు. మాటలలో తెలుగు, కన్నడము, తమిళము కలగలిసియుండెను. అందఱిలో పెద్దవారు విమానముల కర్మాగారములో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. చిత్తూరు జిల్లానుండి ఏబదియేండ్ల క్రిందట వచ్చినవారు. ఈ కూటమికి గురువు ఆయనయే. మన బాలుడు ఆయన ప్రక్కను కూర్చుండి, ఒక నోటుపుస్తకములో ఏదో వ్రాయుచుండెను.

ఆ కార్లు స్పోర్ట్సు కార్లు, లేదా వాని దగ్గఱి చుట్టములు. స్పోర్ట్సు కారనగా మిక్కిలి వేగముగా పోవు కారని చాలమంది తలంతురు. అది పూర్తిగా సరికాదు. తేలికగా, నేలకు దగ్గఱగా, సాధారణముగా ఇద్దఱికే చోటుండునట్లు కట్టబడి, మలుపులలో చెప్పినట్లు వినునది స్పోర్ట్సు కారు. ఇంగ్లండులో ఎం.జి. కార్ల యజమానులు 1930లోనే ఒక క్లబ్బుగా ఏర్పడిరి. తమ కారును తామే విప్పి, తామే బిగించుకొను అలవాటు అట్టి క్లబ్బులలో పెరిగినది. మన దక్షిణదేశమున మద్రాసు సమీపమందలి షోలవరము పాత విమానస్థలమున పందెములు జరిగిన రోజులలో, పలువురు తమ కార్లను తామే సిద్ధము చేసికొని తోలెడివారు.

అక్కడ మేము చూచిన రెండు కార్లు స్టాండర్డు హెరాల్డులు. ఇవి 1961 మొదలుకొని మద్రాసులోని స్టాండర్డు కంపెనీవారు తయారుచేసినవి. హెరాల్డులో ఒక సౌకర్యము కలదు. దాని ముందరి మూత, చక్రములపై నుండు రెక్కలతో సహా, ఒక్కటిగా ముందునకు లేచును. అప్పుడు ఇంజనుతో పాటు ముందరి చక్రముల అమరిక యంతయు బల్లపై పరచిన బొమ్మవలె కనబడును. ఇంగ్లండులో 1962లో వెలువడిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అను స్పోర్ట్సు కారు ఈ హెరాల్డు చట్రమును కురుచచేసి దానిపై కట్టినదే.

మూడవది బెంగుళూరుకు చెందిన శాన్ మోటార్సువారి స్టార్మ్ అను పైకప్పు తెరచుకొను రెండు సీట్ల బండి. దాని ఒడలు ఇనుపరేకు కాదు, ఫైబరుగ్లాసు. అందలి ఇంజను రెనో కంపెనీది, 1149 సి.సి. నాలుగవది 1980వ దశకములో బెంగుళూరుననే తయారైన సిపాని డాల్ఫిన్. ఇదియు ఫైబరుగ్లాసుదే, ఇంగ్లండులోని రిలయంట్ కిట్టెన్ అను చిన్న కారును అనుసరించినది, ఇంజను 848 సి.సి. మాత్రమే. మన పిల్లలకు ఈ రెండు పేర్లును తెలియవు. మన నగరమునకు ఇట్టి బండ్లతో సంబంధము కలదని వారికి చెప్పువారు లేరు.

వీరు ఈ పని తామే యేల చేసికొందురు? మేము అడుగగా పెద్దాయన మూడు కారణములు చెప్పిరి. ఈ కార్ల తయారీ ఆగిపోయి ఏండ్లు గడచినవి గనుక విడిభాగములు దుకాణములో అడిగిన వెంటనే దొరకవు, జె.సి. రోడ్డు అంగళ్ళలోను, శివాజీనగరము గుజరీలోను వెదకవలెను. నేటి షెడ్లలోని కుఱ్ఱవారు కంప్యూటరు తగిలించి లోపము చదువుటకు అలవాటుపడినవారు. హెరాల్డువంటి పాత కార్లకు అట్టి కంప్యూటరు తగిలింపు పనికిరాదు. మూడవది, "నా ప్రాణం దేనిమీద ఆధారపడి ఉందో దాన్ని నేను ఒకసారైనా చేత్తో ముట్టుకోవాలి గదా, మాష్టారూ" అనిరి. ఈ మూడవ కారణము మా మనస్సులో నిలిచిపోయినది. ఎందుకో ముందు చెప్పుదుము.

పని జరుగు విధము

వారి పద్ధతి మా తరగతిగదులకంటె క్రమముగా నుండెను. ఒకరు పనిచేయుదురు. ఒకరు కారుతో వచ్చిన పుస్తకమును పైకి చదువుదురు. ఒకరు విప్పిన ప్రతి మరను, ప్రతి వాషరును వరుసగా ఒక పాత గుడ్డపై పేర్చి, ఏది ముందు వచ్చినదో వ్రాసికొందురు. బిగించునప్పుడు ఆ వరుసను వెనుకనుండి చదువుదురు. ఈ వ్రాతపని మన బాలునిది. పని యొక్కరి కారుపై జరిగినను పనిముట్లు అందఱివి.

పనిముట్లలోనే ఒక గణితపాఠము కలదు. హెరాల్డు బోల్టులు అంగుళపు కొలతవి. స్టార్మ్ బోల్టులు మిల్లీమీటర్లవి. అర అంగుళమనగా 12.7 మిల్లీమీటర్లు. అర అంగుళపు బోల్టునకు 13 మిల్లీమీటర్ల పానా పట్టును. కాని 0.3 మిల్లీమీటరు సందు మిగులును. బలముగా త్రిప్పినంతనే బోల్టు మూలలు అరిగి గుండ్రనగును. ఆపైన ఏ పానాకును అది లొంగదు. దశాంశస్థానమునకు విలువ యేమని మేము నల్లబల్లపై ఎన్ని మారులు చెప్పితిమో! మూలలు పోయిన ఒక్క బోల్టు అంతకంటె బాగుగా చెప్పినది.

వెలుగని దీపము

ఆనాడు స్టార్మ్ కారు ముందు దీపములలో ఒకటి మసకగా వెలుగుచుండెను. యజమాని క్రొత్త బల్బు వేసిరి, ఫలము లేదు. బ్యాటరీ చెడినదేమో యనిరి. బ్యాటరీని మీటరుతో కొలువగా 12.6 వోల్టులు చూపినది. అనగా నిండుగా నున్నది. తీగ తెగినదేమో యనిరి. దీపమువద్దకు కరెంటు వచ్చుచునే యున్నది. అప్పుడు పెద్దాయన మన బాలునివైపు తిరిగి, "వచ్చిన కరెంటు తిరిగి ఎట్లా పోతుందిరా?" అని యడిగిరి.

సాధారణమైన ఇనుపకారులో ప్రతి దీపమునకును బ్యాటరీనుండి ఒక తీగ మాత్రమే వచ్చును. తిరుగుదారి కారు ఒడలే; ఇనుము విద్యుత్తును పోనిచ్చును గనుక రెండవ తీగ అక్కఱలేదు. కాని ఫైబరుగ్లాసు విద్యుత్తును పోనీయదు. కావున అట్టి కారులో ప్రతి దీపమునుండియు క్రింది ఇనుపచట్రమునకు ప్రత్యేకముగా ఒక ఎర్తు తీగ వేయవలసియుండును. ఆ తీగ కొన తుప్పుపట్టినచో కరెంటు వచ్చును గాని, పోవుటకు దారి ఇరుకగును, దీపము మసకబారును.

బాలుడు కొంతసేపు ఆలోచించి, దీపము వెనుకనుండి నల్లతీగను చేతితో పట్టుకొని చట్రము వఱకు పోయి, తుప్పుపట్టిన కొనను చూపెను. ఆ కొనను ఉప్పుకాగితముతో రుద్ది బిగింపగా దీపము తెల్లగా వెలిగెను. కంప్యూటరు పనివారిద్దఱును చప్పట్లు కొట్టిరి. విద్యుద్వలయము పూర్తియైననే కరెంటు ప్రవహించునని మన భౌతికశాస్త్ర పుస్తకములో నున్నది. ఆ వాక్యము అర్థముగాక అరపరీక్షలో అదే ప్రశ్నకు సున్న తెచ్చుకొన్న బాలుడు ఇతడే.

మా అనుభవము

ఇక మా కథ చెప్పవలెను. మాకును ఒక పాత కారు కలదు. స్పోర్ట్సు కారు కాదు, సంసారపు కారు. రెండేండ్ల క్రిందట కుటుంబముతో తిరుమలకు పోయి, దర్శనము చేసికొని, ఘాటు రోడ్డున దిగుచుంటిమి. మలుపు మలుపునకును బ్రేకు త్రొక్కుచు వచ్చితిమి. సగము దూరము దిగునప్పటికి బ్రేకు పెడలు మెత్తబడెను. త్రొక్కినకొలది లోనికి పోయెను. వెనుక సీటులో మనుమరాలు నిద్రించుచుండెను. గేరు తగ్గించి, చేతిబ్రేకును మెల్లగా లాగుచు, కొండవైపు గట్టునకు చేర్చి ఆపగలిగితిమి. ఆ నిమిషమును మేము మఱవలేము.

ఇందులో తప్పు మాదే. కారణమును ఈ కూటమిలో తెలిసికొంటిమి. బ్రేకు పెడలునుండి చక్రమునకు బలమును చేర్చునది ఒక ద్రవము. ద్రవము నొక్కినను కుదించుకొనిపోదు, అందుచే బలము పూర్తిగా చేరును. కాని ఈ ద్రవమునకు గాలిలోని తేమను పీల్చు గుణము కలదు. డాట్ 4 అను రకపు క్రొత్త ద్రవము 230 డిగ్రీల సెంటిగ్రేడువఱకైనను మరుగదు. తేమ పీల్చిన తరువాత 155 డిగ్రీలకే మరుగవచ్చును. ఘాటులో ఎడతెగక బ్రేకు త్రొక్కినచో చక్రముల వద్ద వేడి అంతకు మించును. ద్రవము మరిగి ఆవిరి బుడగలు పుట్టును. ఆవిరి నొక్కిన కుదించుకొనిపోవును. అప్పుడు మనము త్రొక్కినది బుడగలను నొక్కుటకే సరిపోవును, చక్రము ఆగదు.

మేము ఆ ద్రవమును ఎన్నియేండ్లనుండి మార్చలేదో మాకే జ్ఞాపకము లేదు. పెద్దాయన దానిని సీసాలోనికి తీయగా కాఫీ డికాక్షనువలె నుండెను. సాధారణముగా రెండేండ్లకొకసారి మార్చవలెనట. దాని వెల రెండు సినిమా టిక్కెట్లంత. మేము గ్రంథములు చదివినవారము, వేలాది బాలురకు పాఠములు చెప్పినవారము. మా మనుమరాలి ప్రాణము ఆధారపడిన ఒక చిన్న డబ్బా మూత తీసి చూడలేదు.

ప్రతి గృహస్థుడు చూడదగినవి

స్పోర్ట్సు కారైనను సంసారపు కారైనను ఈ క్రింది పనులు ఎవరైనను చేయవచ్చును. పావుగంట చాలును, తిరుమలకో స్వగ్రామమునకో బయలుదేరుటకు ముందు తప్పక చేయవలెను.

ఒకటి: ఇంజను ఆయిలు. బండిని సమతలముపై నిలిపి, ఇంజను ఆపిన కొన్ని నిమిషములకు కొలత కడ్డీని తీసి తుడిచి, మఱల పెట్టి తీయవలెను. నూనె రెండు గుర్తుల నడుమ నుండవలెను. తక్కువైన లోహము లోహమునకు రాచుకొనును. ఎక్కువైనను మంచిది కాదు.

రెండు: రేడియేటరు నీరు, అనగా కూలెంటు. చల్లగా నున్నప్పుడు మాత్రమే చూడవలెను. రేడియేటరు మూత లోపలి ఒత్తిడిని నిలుపును. ఆ ఒత్తిడిచే నీరు 100 డిగ్రీలు దాటినను మరుగక యుండును. వేడిమీద మూత త్రిప్పినచో ఒత్తిడి తొలగి నీరు ఒక్కసారిగా మరిగి ఆవిరితో ముఖముపైకి చిమ్మును. ప్రెషరు కుక్కరును వాడు మన తల్లులకు దీనిని వేఱుగా చెప్పనక్కఱలేదు.

మూడు: బ్రేకు ద్రవము. డబ్బాపై గీతలుండును, రంగును, మట్టమును చూడవలెను. మట్టము దిగినచో పోసి యూరకుండరాదు. ఎందుకు దిగినదో కనుగొనవలెను. ఘాటు దిగునప్పుడు ఎక్కిన గేరులోనే దిగవలెను. ఇంజనే బండిని వెనుకకు లాగును, బ్రేకులకు శ్రమ తగ్గును.

నాలుగు: టైర్లు. గాలిని చల్లగా నున్నప్పుడు కొలువవలెను. ఎంత యుండవలెనో సాధారణముగా తలుపు గడపపై అంటించిన చీటీలో నుండును. టైరు గాడిలో అడ్డముగా చిన్న గట్టులు కలవు. వాని ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి ఆ గట్టులతో సమమైనచో మార్చవలెను. వానలో గాడులే నీటిని ప్రక్కకు తోయును. గాడి లేని టైరు నీటిపై పడవయగును.

ఐదు: బ్యాటరీ. కొనలపై తెల్లని పొడి పేరుకొన్నచో శుభ్రపఱుపవలెను. విప్పునప్పుడు కారు ఒడలికి కలిపిన కొనను మొదట విప్పవలెను. బిగించునప్పుడు దానిని చివర బిగింపవలెను. ఇట్లు చేసినచో పానా పొరపాటున ఇనుమునకు తగిలినను నిప్పురవ్వలు లేవవు.

చేయరానివి

తెలియని ధైర్యము తెలియని భయముకంటె చెడ్డది. జాకీ కారును ఎత్తుటకే గాని, నిలుపుటకు కాదు. జాకీ మాత్రమే యున్న కారు క్రింద ఎవరును తల దూర్చరాదు. ఆ కూటమివారు రెండు ఇనుప స్టాండ్లు పెట్టుదురు. చక్రములకు రాళ్ళు అడ్డము వేయుదురు. ఊడదీసిన చక్రమును సయితము చట్రము క్రింద దొర్లించి యుంచుదురు. ఒకనాడు జాకీ క్రింద నేల క్రుంగి కారు ఒఱిగినది. స్టాండు ఆపినది, ఎవరికిని గీత పడలేదు. ఆనాటినుండి పదునాఱేండ్లలోపు పిల్లలు కారు క్రిందికి పోరాదని నియమము చేసికొనిరి. మన బాలుడు పైన నుండి వ్రాయువాడే, అందించువాడే.

పెట్రోలు పనివద్ద దీపము, పొగత్రాగుట పనికిరావు. నేటి కార్ల స్టీరింగులోని గాలిసంచిని కదల్పరాదు. విద్యుత్తుతో నడచు కార్లలో నారింజరంగు తీగలను ముట్టరాదు; వానిలో ప్రాణము తీయగల విద్యుత్తు ప్రవహించును. బ్రేకులను విప్పు పనిని తెలిసినవారి ప్రక్కన నిలిచి చూచి నేర్వవలెను. సొంతముగా ప్రయోగము చేయరాదు.

తీసిన పాత నూనెను కాలువలో పోయరాదు. మన కాలువలు చెఱువులకే చేరును. బెళ్ళందూరు చెఱువుపై 2015లోను 2017లోను మంటలు లేచుటను మన ప్రాంతమువారెల్లరు ఎఱుగుదురు. ఆ కూటమివారు పాత నూనెను డబ్బాలలో నింపి, అనుమతి పొందిన సేకరణదారులకు చేర్చుదురు.

ఈ పాత బండ్లకు ప్రభుత్వమును ఒక దారి చూపినది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, 50 ఏండ్లు దాటి, ముఖ్యమైన మార్పులు చేయబడని కార్లు, ద్విచక్రవాహనములు వింటేజి వాహనములుగా నమోదు కావచ్చును. వాని సంఖ్యలో వి.ఎ. అను అక్షరములుండును. వానిని ప్రదర్శనములకు, ర్యాలీలకు, మరమ్మతుకు రోడ్డుపైకి తేవచ్చును; నిత్యప్రయాణమునకుగాని వ్యాపారమునకుగాని వాడరాదు.

బాలుని నోటుపుస్తకము

సాయంత్రము బాలుని నోటుపుస్తకమును అడిగి చూచితిమి. అది తెలుగులో నుండెను. "ఎర్తు తీగ అనగా తిరుగుదారి. దారి తెగితే వెళ్ళినవాడు ఇంటికి రాడు" అని ఒకచోట వ్రాసియుండెను. అక్షరదోషములు కలవు; భావదోషము లేదు. పానా, జాకీ, నట్టు, ఉప్పుకాగితము అను మాటలు మన ఇండ్లలో ఉన్నవి; కాని మన పిల్లలు వానిని వ్రాయునట్టి సందర్భమే లేదు. పరాయి రాష్ట్రములో నున్న మనము మాతృభాషను పద్యములకు, పండుగలకు మాత్రమే మిగిల్చినచో, అది పూజగదిలోని వెండిగిన్నె యగును, వంటకు పనికిరాదు. చేతితో పనిచేయుచు, ఆ పనిని గూర్చి తెలుగులో తలంచు బాలుడు భాషను నిత్యవాడుకలో నుంచుచున్నాడు.

తల్లిగారిని పిలిపించి ఇదంతయు చెప్పితిమి. మందలింపలేదనియు ఒప్పుకొంటిమి. ఆమె కొంతసేపు మాటాడక, "మెకానిక్కు అయితేనో, మాష్టారూ?" అని మఱల అడిగిరి. "ఆనాడు ఘాటు రోడ్డు మీద మాకు కావలసి వచ్చినది ఒక మంచి మెకానిక్కేనమ్మా" అని చెప్పితిమి. ఆమె నవ్వలేదు, కాని ఆలోచించిరి. నెలలో రెండు ఆదివారములు పోవచ్చుననియు, శనివారము రాత్రి ఇంటిపని ముగింపవలెననియు తల్లీకొడుకులు ఒప్పందము చేసికొనిరి. సంవత్సరాంత పరీక్షలో అతని మార్కులు ఆకాశమునకు ఎగురలేదు. భౌతికశాస్త్రములో మాత్రము ఉత్తీర్ణుడైనాడు. విద్యుద్వలయముల పాఠమును తన తరగతికి తానే నల్లబల్లవద్ద చెప్పినాడు.

తలిదండ్రులకు మా మనవి ఒక్కటే. మీ యింట కారున్నను, స్కూటరున్నను, సైకిలే యున్నను, వచ్చు ఆదివారము పిల్లవానిని ప్రక్కను నిలుపుకొని ఒక్కసారి దాని మూత తీసి చూడుడు. మీకు తెలిసినది చెప్పుడు. తెలియనిదానిని ఇద్దఱును కలిసి అడిగి తెలిసికొనుడు. మేమును ఇప్పుడు ప్రతి మాసము మొదటి ఆదివారమున మా కారు బ్రేకు ద్రవపు డబ్బాను చూచుచున్నాము. ప్రక్కన మా మనుమరాలు టార్చిలైటు పట్టుకొని నిలుచును.